ఇరవై కిలోల బొరుగులు

కట్నాల దగ్గరో జాతకాల దగ్గరో పెళ్ళి సంబంధాలు చెడిపోవడం మీరు వినే ఉంటారు. బొరుగుల దగ్గర చెడిపోబోయిన సంబంధం గురించి మాత్రం విని ఉండరు. ఆ ఘనకార్యం చేసింది నేనే కాబట్టి చెప్పే హక్కూ నాదే. నవ్వుకోండి, కానీ మధ్యలో ఆపి నీకు బుద్ధి లేదా అని అడక్కండి. అప్పట్లో లేదు.

డెబ్బైల చివరి మాట. నేను తెనాలి వైపు వాణ్ణి, ఎరువుల కంపెనీలో ఊరూరా తిరిగే ఉద్యోగం. ఆదోని పిల్లను చేసుకుని ఇంకా ఏడాది నిండలేదు. ఏ ఊరు వెళ్ళినా నాకు సంత ముందు, కంపెనీ పని తర్వాత. గంపల మధ్య తిరిగి, నాలుగు రకాలు నోట్లో వేసుకుంటే తప్ప ఊరు చూసినట్టుండేది కాదు. అలా తిరిగి తిరిగి, బేరాల్లో నన్ను మించినవాడు లేడని ఒక నమ్మకం కుదిరింది. కొంప ముంచింది ఆ నమ్మకమే.

మా బావమరిదికి కోడుమూరు దగ్గర ఒక పల్లెలో సంబంధం చూశారు. పిల్ల తరపువాళ్ళు ముప్పై మంది దాకా మర్నాడు పొద్దున ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. వాళ్ళకు నచ్చితేనే తాంబూలాలు. వచ్చినవాళ్ళకు ఉగ్గాని పెట్టాలని మా అత్తగారి ఏర్పాటు. బొరుగులు, అంటే మా వైపు మరమరాలు, నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. నాకు ఆ రోజు ఎమ్మిగనూరులో పని. అక్కడ సంత కూడా అదే రోజు.

"బొరుగులు నేను తెస్తాను అత్తయ్యా."

"ఏంటికి నాయనా మీకు శ్రమ? ఈడ దొరకవా?"

"సంత సరుకు వేరండీ."

అల్లుడి మాట తీసెయ్యలేక ఆవిడ, "అట్లయితే ఇరవై శేర్లు తెండి," అంది.

సంతలో బొరుగుల మస్తాను శేరు డబ్బాతో కొలిచి పోస్తున్నాడు. ఆ డబ్బా అడుగు లోపలికి సొట్టపడి ఉండటం నా డేగ కళ్ళు పట్టేశాయి.

"ఆ డబ్బా వద్దు. తూచి ఇవ్వు."

"బొరుగులు తూకానికి ఎవురూ కొనరు సామీ."

"నేను కొంటాను. ఇరవై కిలోలు."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "యా ఊరు సామీ మీది?"

"తెనాలి."

"అట్లనా," అని ఇంకేమీ అడక్కుండా లేచి, పక్క అంగడిలో తక్కెడ అడిగి తెచ్చాడు.

బొరుగులకు బరువుండదని మీకు తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. అతను పోస్తూనే ఉన్నాడు. ఒక బస్తా నిండింది, రెండోది నిండింది. చుట్టూ జనం చేరారు. ఆపమని అనొచ్చు కదా అంటారు మీరు. అంతమంది ముందు ఎలా ఆపను? మూడో బస్తా మూతి కుట్టించి, గెలిచినవాడిలా బస్సు టాపు మీదికి ఎక్కించాను.

బస్సులో నా పక్కన తెల్ల తలపాగా పెద్దాయన ఒకరు కూర్చున్నారు. మనిషి సన్నగా, ఎండిన కందికట్టెలా ఉన్నారు.

"ఏమప్పా, బొరుగుల అంగడి పెడతాండావా?"

"లేదండీ. రేపు మా అత్తగారింటికి చుట్టాలొస్తున్నారు, ముప్పై మంది."

"ముప్పై మందికి మూడు బస్తాలా?"

పొరపాటు జరిగిందని ఒక్క మాట అంటే పోయేది. నా నోరు ఒప్పుకోలేదు. "మామూలు చుట్టాలు కారండీ, కోడుమూరు వైపు వాళ్ళు. తిండికి పెట్టింది పేరట. పిల్ల తండ్రి ఈరన్న అని ఒకాయన ఉన్నాడు, ఆయనకొక్కడికే ఒక బస్తా కావాలట."

"ఎవురు సెప్పినారు?"

"ఎవరో ఎందుకండీ, మా అత్తగారే."

పెద్దాయన తలపాగా సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నా మాటలకు నేనే మురిసిపోయాను.

ఏడాదంతా ఆ సీమ ఎదురుచూసే వాన ఆ సాయంత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆదోని ఇంకా దూరం ఉండగానే వాగు పొంగి బస్సు ఆగిపోయింది. టాపు మీద సామాను కప్పే పట్టా లేదు. వాన తగ్గాక కండక్టర్ బస్తాలు దింపిస్తే ఒక్కోదాన్ని ఇద్దరు మోయాల్సి వచ్చింది. నేను వాటి పక్కనే బురదలో కూలబడ్డాను.

పెద్దాయన వచ్చి బస్తా నొక్కి చూశారు. "ఏంటికప్పా ఏడుస్తావు? తడిపే పని వాన సేసింది. ఇప్పుడే వండకుంటే పులుస్తాది, అంతే."

వాగు గట్టునే ఒక పల్లె. మొదటి ఇంటి కుల్సుంబీ సంగతి విని, పెళ్ళిళ్ళకు వాడే పెద్ద దేగిసా బయటికి దొర్లించింది. "ఇంతమంది ఆకలితో కూసుంటే నేను తలుపేసుకుంటానా?" అంది. బస్సులో అందరూ సంత నుంచి వస్తున్నవాళ్ళే. ఎవరూ అడగలేదు, ఎవరి మూట వాళ్ళు విప్పారు. ఒకరు ఉల్లిగడ్డలు, ఒకరు పచ్చిమిరపకాయలు, ఒకావిడ ఇంటికని కొన్న నూనెలో సగం. పుట్నాల పొడి కుల్సుంబీదే. ఎన్నో సంతలు తిరిగాను కానీ, సంత మొత్తం ఒక పాత్రలోకి దిగడం నేను చూసింది అక్కడే. ముక్కూ ముఖం తెలియని నా కోసం వాళ్ళు చేసిన ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

బస్సువాళ్ళు తిన్నారు, ఊరివాళ్ళు తిన్నారు. బొరుగులు నావి కాబట్టి గరిటె నా చేతికే ఇచ్చారు. పెద్దాయన విస్తరి దగ్గరికి వచ్చి, "ఇంకొంచెం వేసుకోండి," అన్నాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "సాలప్పా. ఈరన్నకు ఒక బస్తా కావాలని మీ అత్త సెప్పింది గానీ, ఈ కడుపులో ఇంతే పడతాది."

గరిటె జారి నా కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. ఆదోనిలో చుట్టాలబ్బాయి ఇంట్లో పడుకుని పొద్దున్నే తనవాళ్ళతో కలుద్దామని ఆయన ఒకరోజు ముందే బయల్దేరారట. బావమరిది పెళ్ళి, అత్తగారి పరువు, నా కాపురం, మూడూ ఆ వాగులో కొట్టుకుపోతున్నట్టు కనిపించాయి.

"అది మా అత్తగారు అనలేదండీ. ఆవిడ ఇరవై శేర్లు తెమ్మంది. నేనే కిలోలు కొని, సిగ్గుపడి, అబద్ధమాడాను. నన్ను తిట్టండి, ఆ ఇంటిని కాదనకండి."

ఈరన్న విస్తరి మడుస్తూ అన్నారు. "మూడు బస్తాలు తడిసిపోయినా, అందరికీ పెట్టి నువ్వింకా తినలేదు. ఇట్లాంటి అల్లుడుండే ఇంట్లో నా బిడ్డ పస్తుండదులే. కూసో, నువ్వూ తిను."

నా మంచితనం వల్ల పెట్టానో, పులుస్తాయన్న భయంతో పెట్టానో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఏడుస్తూ తిన్నాను.

మర్నాడు వాగు తీసి మేము ఆదోని చేరేసరికి, మా అత్తగారు అక్కడే ముందుగా కొని పెట్టుకున్న బొరుగులతో ఉగ్గాని చేసింది. అల్లుడి మీద ఆవిడకు ఉన్న నమ్మకం అంతటిది. ఈరన్నకు వడ్డించి, "ఇంకొంచెం ఏసేదా అన్నా?" అని అడిగింది.

ఆయన నా వైపు చూస్తూ, "ఎయ్యమ్మా," అన్నారు. "అట్లనే తాంబూలాలు కూడా తీసుకురా. మా కోడుమూరోళ్ళకు కడుపు నిండినాకే పనులు సేసే అలవాటు."

ఆ ఉగ్గాని పళ్ళెం సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో బొరుగులు తూకానికి కొనను. బస్సులో పక్కనున్న మనిషి పేరు, ఊరు, ఇంటిల్లిపాది వివరాలు కనుక్కోకుండా ఏ చుట్టాన్నీ తిట్టను.