రోహిణి వెళ్ళింది

బసవపున్నయ్యను ఇవాళ్టి సంగతి అడిగితే డెబ్భై ఎనిమిది నాటి సంగతి చెబుతాడు.

రొంపిచెర్ల బస్సు వెళ్ళిపోయిందా అంటే, ఇదే తేదీన కాలవగట్టు మీద పాలపిట్ట వాలిందంటాడు. పంటినొప్పితో దవడ పట్టుకుని వచ్చినవాడికి తూనీగలు నేలబారుగా ఎగిరిన వైనం వినిపించాడు. అంతా వాళ్ళ నాన్న రాసిన డైరీల చలవ. ఆయన సాగర్ కాలవ మీద లస్కరు. తూములెత్తి పొలాలకు నీళ్ళు వదలడం ఉద్యోగం, మిగతా పొద్దంతా పిట్టల్నీ మబ్బుల్నీ చూసి రాసుకోవడమే.

బసవపున్నయ్య భార్య చెన్నమ్మకు ఆ డైరీలంటే మంట. కాపరానికి వచ్చిన కొత్తలో ఒకటి తెరిస్తే, "రోహిణి వెళ్ళింది. ప్రాణం కుదుటపడింది" అని ఉంది. రోహిణి ఎవరో ఆడమనిషి అనుకుని అత్తగారిని పట్టుకుని ఏడ్చింది. అది రోహిణి కార్తె అనీ, ఎండలు పోయినందుకు మామగారు సంతోషించారనీ తేలేసరికి ఊరంతా నవ్వింది. "కార్తె అని ఒక ముక్క రాస్తే సిరా అయిపోద్దా?" అని ఇప్పటికీ సణుగుతుంది.

ఈ ఏడు పక్కింటి కుర్రాడు తరుణ్ కౌలుకు వేసిన మిరపతోట నల్లతామర పురుగు పాలైంది. రోహిణి ఎండల్లో మంచం మీద పడి గోడ వైపు తిరిగాడు. వచ్చినవాళ్ళంతా ఎన్ని క్వింటాళ్ళు పోయాయని అడిగి అడిగి అలిసిపోయేట్టు చేశారు. బసవపున్నయ్య ఒక్కడే ఏమీ అడగలేదు. రోజూ పొద్దున్నే వచ్చి గడప మీద కూర్చుని డైరీ చదివేవాడు.

"నీ పిట్టల గోల నాకెందుకు మామా?"

"నాకూ తెలవదురా. నాన్న రాశాడు, చదువుతున్నా."

వెళ్ళేటప్పుడు మాత్రం నిమ్మచెట్టుకు పురుగు పట్టిందని మందుడబ్బా ఒకటి అడిగేవాడు. తీసుకుపొమ్మని తరుణ్ చెయ్యి ఊపేవాడు. డైరీ ఒక చంకలో, డబ్బా ఒక చంకలో. అట్లా తోట కోసం తెచ్చిన మందులన్నీ వెళ్ళిపోయాయి. చివరికి తరుణ్ ఎవరికీ చూపకుండా మంచం కింద పెట్టుకున్నది కూడా.

ఒక పొద్దున ఆయన రాలేదు. ముందురోజు కథ గట్టు బొరియలోని లకుముకి పిట్ట గూడు దగ్గర ఆగింది. తెల్లారితే కాలవకు నీళ్ళు, బొరియలో పిల్లలు. తరుణ్ తన మీద తానే విసుక్కుంటూ లేచి వెళ్ళాడు.

పెరట్లో నిమ్మచెట్టు మీద పురుగులు ఆకులన్నీ తిని హాయిగా బలిసి ఉన్నాయి. మందు చుక్క పడిన జాడ లేదు.

"ఆ డబ్బాలన్నీ డైరీల పెట్టెలో పెట్టి తాళం వేశాడయ్యా," అంది చెన్నమ్మ. "డైరీలేమో నా వంటింట్లోకి దిగినయి."

ఎండదెబ్బ తగిలి, నెత్తిన తడిగుడ్డతో పడుకుని ఉన్నాడు బసవపున్నయ్య. తరుణ్ పక్కన కూర్చున్నాడు.

"లకుముకి పిల్లలు ఏమయినయి?"

"నీళ్ళు రాకముందే ఎగిరినయి."

"చెట్టుకు మందు కొట్టలేదేం మామా?"

"పురుగు చస్తే సీతాకోకలు ఎట్టా వస్తయిరా?"

తరుణ్ చెయ్యి చాచి తలగడ పక్కన ఉన్న డైరీ అందుకున్నాడు.

"ఈ రోహిణి ఎప్పుడు పోద్ది మామా?"

"పోద్దిలే. వెతికి చూసుకో, ప్రతి ఏడూ పోయింది."

"పొద్దున్నే దాని పేరెత్తొద్దన్నానా," అంది వంటింట్లోంచి చెన్నమ్మ.