పెళ్లి పందిట్లో బీపీ మిషను

మా నర్సత్త పోయిందని ధర్మవరం నుంచి నాయన ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురం బస్టాండులో ఉన్నాను. "నిద్రలోనే పొయ్యిందమ్మా. నిన్న సాయంత్రం గూడా నాకు బీపీ చూసింది" అన్నాడు.

అత్త అంటే చుట్టం కాదు. ఆస్పత్రిలో నర్సుగా రిటైరై, మగ్గాలు నేసే మా వీధిలో పక్కింట్లో ఉండేది. మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. మా వీధిలో మాత్రం ఆమె పట్టుకుని చూడని చెయ్యి లేదు. ఎవరింట్లో ఊరగాయ జాడీ కనిపించినా మూత తీసి, "బలే ఉండాది, ఉప్పు ఎక్కువ, దూరంగా పెట్టుకోండి" అనేది. తాను మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకునేది.

పెనుకొండలో నా పెళ్లిరోజు, పెరుగు చాలలేదని నాయన వంటవాళ్ల మీద అరుస్తుంటే, అత్త ఆయన్ని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. సంచిలోంచి బీపీ మిషను తీసింది.

"నాకేమైందక్కా? రాయి మాదిరి ఉండా."

"రాయికీ చూస్తా. చెయ్యి సాపప్పా."

నాయన ససేమిరా అన్నాడు. సర్దిచెబుదామని మా మామగారు ముందుకొచ్చి, "మొదట నాకు చూడమ్మా" అని చొక్కా చెయ్యి మడిచాడు. ఆయనకే ఎక్కువొచ్చింది! వియ్యంకుడు చూపించుకున్నాక నాయనకి తప్పలేదు. ఆయనది ఇంకా ఎక్కువ. ఇక చూడండి, కుర్చీ ముందు జనం వరస కట్టారు. నాదస్వరం ఆయన తన అంకె చూసి, "ఇంతసేపూ ఊదినా కదమ్మా, అందుకేమో" అన్నాడు. పందిరంతా నవ్వింది.

"ఊదకుండా పావుగంట కూచో, మళ్లీ చూస్తా" అంది అత్త. మళ్లీ చూసినా తగ్గలేదు.

"ఇంతమందికా అత్తా?" అన్నాను, తలలోంచి తలంబ్రాలు దులుపుకుంటూ.

"దేశమంతా ఇంతేనమ్మా. నొప్పి పుట్టదు, అందుకే ఎవరికీ తెలీదు." గొంతు తగ్గించింది. "ఊరందరికీ చూసినాను. మా ఇంటాయనకి మాత్రం చూడలేదు. మగ్గం మీదే కూలిపోయినాడు."

మూడోరోజు వియ్యంకులిద్దరూ ఒకే బస్సెక్కి హిందూపురం డాక్టరు దగ్గరికి పోయారు. అప్పటినుంచీ ఫోన్లో వాళ్ల పలకరింపే మారిపోయింది. "నీదెంత బావా?" ఎక్కువొచ్చినాయనకి ఆ రోజు తిట్లే. నాయన ఈరోజుకీ మగ్గం మీద కూర్చుంటున్నాడంటే అది అత్త చలవ.

నేను ధర్మవరం చేరేసరికి ఒక్క మగ్గం చప్పుడు కూడా లేదు. పట్టపగలు మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాయన మగ్గం మీద సగం నేసిన ఎర్రచీర అలాగే ఉంది. కిటికీలోంచి పడిన ఎండకి దాని అంచు మాత్రం మెరుస్తోంది.