రాజ్మా గింజల మౌనం

నా చిన్నప్పుడు నన్ను ఎవరెవరు ఏమేమన్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అన్నవాళ్ళు మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోలేదు. మరిచిపోవడం గొప్ప గుణమని అందరూ చెబుతారు కానీ, ఆ గుణం ఎప్పుడూ మాట పడినవాళ్ళకే ఎందుకు ఉండాలో ఎవరూ చెప్పరు. అలాంటి నాకు కూడా కోపాన్ని హాయిగా దాచుకునే అదృష్టం పదేళ్ళ వయసులోనే పోయింది. పోగొట్టింది మా పై క్వార్టరు అంకుల్.

మేము అప్పుడు దక్షిణ ఢిల్లీలో ఒక ప్రభుత్వ కాలనీలో ఉండేవాళ్ళం. నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. మెట్లెక్కి రాగానే ఎదురెదురుగా రెండు తలుపులు. ఒకటి మాది, రెండోది పక్కింటి అక్క వాళ్ళది. వాళ్ళది గుంటూరు వైపు. అక్క వాళ్ళమ్మ పెద్దాసుపత్రిలో నర్సు. అక్కకి పదహారేళ్ళు. నాకు జడ వేసేది తను, లెక్కలు చెప్పేది తను, ఊడిన పన్ను పట్టుకుని ఏడిస్తే కళ్ళు తుడిచేది కూడా తనే. ఒకరింటి గిన్నె ఇంకొకరింటికి వెళ్ళని సాయంత్రం ఉండేది కాదు. వాళ్ళింటి గోంగూర పచ్చడికి మా ఇంట్లో నా కోసం వేరే గిన్నె ఉండేది.

అంకుల్‌ది అనంతపురం. ఆఫీసులో పెద్ద హోదా. ఇంట్లో ఒక్కరే ఉండేవారు. పొద్దున్నే డాబా మీద కాలనీ పిల్లలందరికీ యోగా నేర్పేవారు. ఆసనాలు కాసేపే. తర్వాతంతా కబుర్లు. సత్యమంటే ఏమిటి, అహింస అంటే ఏమిటి, ఉన్నదానితో తృప్తిపడటం ఎలా, ఇవన్నీ పిల్లలకి అర్థమయ్యేలా చెప్పేవారు. వాటిలో నాకు బాగా పట్టుబడింది మౌనం. మాట మీద అదుపు ఉంటే మనసు మీద అదుపు వస్తుందని ఆయన అంటే, నేను మిగతా పిల్లలకంటే ఎక్కువగా తల ఊపాను.

ఆ ఏడు తెలుగువాళ్ళ ఉగాది సభలో మా పిల్లల చేత యోగాసనాలు వేయించాలనుకున్నారు. మయూరాసనం వేయగలిగేది ఆ గుంపులో నేనొక్కదాన్నే. రెండు అరచేతుల మీద ఒళ్ళంతా నిలబెట్టి, కాళ్ళు గాలిలో చాపి, పది లెక్కపెట్టేదాకా ఉండగలిగేదాన్ని. మైకులో పేర్లు పిలిచే పని అక్కది. నాన్న తన పై అధికారిని కూడా వెంటబెట్టుకొచ్చి రెండో వరసలో కూర్చున్నారు. నా పేరు పిలవాల్సిన చోట అక్క ఇంకో అమ్మాయి పేరు పిలిచింది. ఆ అమ్మాయి వచ్చి చక్రాసనం వేసింది. జనం చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో చేతులు పైకెత్తి గుంజలా నిలబడ్డాను. సభ అయిపోయేదాకా అంతే.

బస్సులో నాన్న అడిగారు. "నీ వంతు ఎప్పుడొచ్చిందమ్మా? నేను టీకి లేచినప్పుడా?"

ఆ ప్రశ్నకి ఆ రోజు జవాబు చెప్పలేదు. నాన్న పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాటి నుంచి అక్కతో మాటలు మానేశాను. జడ నేనే వేసుకున్నాను, పాపిడి వంకరగా వచ్చినా సరే. గోంగూర గిన్నె వస్తే ముట్టలేదు. తను రెండు మూడుసార్లు మెట్ల మీద ఆపి, "ఏంటే, మూతి ముడుచుకున్నావు? ఏమైందే?" అంది. నేను గోడవైపు చూస్తూ దిగిపోయాను. ఇదంతా అలక అని అమ్మ ఎక్కడ తిడుతుందోనని, మౌనవ్రతం పట్టానని చెప్పాను. అమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, మురిసిపోయింది. పాలవాడి దగ్గర, కూరల బండి దగ్గర, "మా అమ్మాయి ఈ వయసుకే మౌనం పాటిస్తోందండీ" అని చెప్పుకుంది. ఒక పంజాబీ ఆంటీ అయితే నా తల మీద చెయ్యి పెట్టి "వాహ్ బేటీ" అని దీవించింది. మిగతా అందరితోనూ నేను మామూలుగానే మాట్లాడుతున్నానని ఎవరికీ తట్టలేదు. యోగా నేర్చుకున్న ఇంట్లో అలకకి కూడా ఎంత మర్యాద!

నెలన్నర గడిచింది. ఎండాకాలం సెలవులు వచ్చాయి. అక్క వాళ్ళమ్మకి గుంటూరులో ఉద్యోగం దొరికిందని, ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఎదుటి తలుపు ముందు అట్టపెట్టెలు పేరుస్తున్నారు. తలుపు సందులోంచి వాటిని లెక్కపెట్టాను. అయినా మాట్లాడలేదు. తప్పు చేసింది తను, దిగి రావాల్సిందీ తనే.

వాళ్ళ బండికి ఇంకా రెండు రోజులు ఉందనగా అంకుల్ నన్ను డాబా మీదకి పిలిచారు. నీళ్ళ టాంకు నీడలో చాప వేసి ఉంది. చాప మీద రెండు గిన్నెలు. ఒకదాని నిండా రాజ్మా గింజలు, రెండోది ఖాళీ. "నువ్వు పెద్ద మౌనివంట గదా పాపా. ఈ పూటంతా ఈడ కూర్చో. బయటికి ఒక్క మాట వద్దు. లోపల ఎవురితోనన్నా మాట్లాడినావంటే, మాటకొక గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వెయ్యి. నేను సూడను. నువ్వే సూసుకో" అని చెప్పి కిందికి వెళ్ళిపోయారు.

మొదట్లో గర్వంగానే కూర్చున్నాను. కాసేపటికి ఒక గింజ వేశాను. అంతటితో ఆగుతుందనుకున్నాను. తర్వాత చెయ్యి ఆగలేదు. 'నా పేరు ఎందుకు పిలవలేదు' అని ఒకటి. 'నాన్న ముందు నా పరువు తీశావు' అని ఒకటి. 'వెళ్ళిపో, నాకేం' అని ఒకటి. 'ఇక నా జడ ఎవరు వేస్తారు' అని ఒకటి. అమ్మ అన్నానికి పిలిచే సరికి నిండు గిన్నె ఖాళీ అయిపోయి, రెండో గిన్నెలోంచి తిరిగి మొదటి గిన్నెలోకి వేస్తున్నాను.

అంకుల్ వచ్చి గిన్నెలు చూశారు. వీటిలో పక్కింటి పిల్లవి ఎన్ని అని అడిగారు. 'అన్నీ' అన్నాను. ఆయన "ఈ నెలన్నర దినాల్లో ఆ పిల్లతో నువ్వు మాట్లాడినంత ఈ కాలనీలో ఎవురూ మాట్లాడలేదు పాపా. పాపం, ఆ పిల్లకే ఒక్క ముక్క కూడా వినపళ్ళేదు" అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన బుజ్జగించలేదు. నోరు మూసుకున్నంత మాత్రాన మౌనం కాదనీ, లోపల తగువు ఆగితేనే మౌనమనీ, ఆ తగువు ఆగాలంటే ఒక్కోసారి నోరు తెరవక తప్పదనీ చెప్పారు. ఎలా తెరవాలో కూడా నేర్పారు. కంటితో చూసింది ఒకటి చెప్పాలి. మనసుకి తగిలిన నొప్పి ఒకటి చెప్పాలి. తెలియనిది ఒకటి అడగాలి. అక్కడితో ఆగాలి. నాలుగో మాట అనకూడదు, ఎందుకంటే నాలుగో మాట ఎప్పుడూ తీర్పే అవుతుందట.

మెట్లు దిగుతూ మూడు మాటలూ వల్లె వేసుకున్నాను. అక్క నేల మీద కూర్చుని స్టీలు గ్లాసులకి పాత పేపర్లు చుడుతోంది. నన్ను చూసి చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. "నా పేరు నువ్వు పిలవలేదు. నాకు చాలా ఏడుపొచ్చింది. ఎందుకు పిలవలేదు?" అని అప్పజెప్పాను. అక్క నోరు తెరవబోయింది. అంతలో నాలుగోది నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "నీకు నేనంటే కుళ్ళు. అందుకే."

అక్క ముఖం మారిపోయింది. ఆ మారడం నేను చూశాను.

"ఆ రోజు నీ చెయ్యి వాచి ఉంది. జడ వేస్తుంటే కనపడింది. ఆ చేతి మీద ఒళ్ళంతా మోస్తే ఇరిగిపోదూ? అమ్మ ఆసుపత్రిలో ఇలాంటివి ఎన్ని చూస్తుందో నీకు తెలీదు" అంది.

నిజమే. సభకి రెండు రోజుల ముందు టాంకు నిచ్చెన మీంచి జారి పడ్డాను. మణికట్టు వాచింది. చెబితే ఆసనం వెయ్యనివ్వరని ఇంట్లో కూడా చెప్పలేదు.

"మరి ఆ మాట నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని" అని అరిచి, మా ఇంట్లోకి వచ్చి తలుపు ధడాల్న వేసుకున్నాను. వాళ్ళు వెళ్ళే రోజు అక్క తలుపు కింద నుంచి ఒక కాగితం తోసింది. దాని మీద గుంటూరు చిరునామా, 'ఉత్తరం రాయి' అని రెండే మాటలు. ముందు రాయాల్సింది తనే అని నేను పట్టుబట్టి కూర్చున్నాను. తనకి మా చిరునామా తెలుసు కదా. తను రాయలేదు. మేము క్వార్టరు మారినప్పుడు ఆ కాగితం పోయింది. పారేసింది అమ్మే అని చాలాకాలం అమ్మ మీద కూడా కోపం ఉంచుకున్నాను.

అంకుల్‌ని కూడా నేను క్షమించలేదు. ఆ వచ్చే ఆదివారమే ఆయన డాబా మీద పిల్లలందరి ముందూ, నేనక్కడే ఉండగా, నవ్వుతూ రాజ్మా గింజల కథ చెప్పారు. నా పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, అందరూ నావైపే తిరిగారు. కాలనీ వదిలే దాకా పిల్లలు నన్ను "ఏ రాజ్మా!" అనే పిలిచారు. అహింస గురించి అంత వివరంగా చెప్పిన మనిషికి, ఒక పిల్ల గుట్టు బయట పెట్టడం హింస అని తోచలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి ఆ మూడు మాటలూ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన నేర్పింది ఆయన మీదే వాడటానికి మనసొప్పలేదు.

ఇప్పుడు మయూర్ విహార్‌లో ఉంటున్నాను. మా సొసైటీ పార్కులో ఆడవాళ్ళం కొందరం పొద్దున్నే యోగాకి చేరతాం. మొన్న చలికాలంలో గుంపు నడిపే దీదీ ఫోన్లో కొత్త గ్రూపు పెట్టి అందరినీ చేర్చింది, నన్ను తప్ప. నేను వెళ్ళడం మానేశాను. మూడో రోజున కూర తరుగుతూ ఆవిడని హిందీలో కడిగేస్తున్నాను, లోపల్లోపలే. బయట నాకు ఎన్నడూ రానంత చక్కని హిందీ. ఠక్కున నా గొంతు నాకే వినబడింది. అలా వినబడ్డాక ఇక అలిగి కూర్చున్నా సుఖం ఉండదు. కత్తిపీట పక్కన పెట్టి, మెట్లు దిగి వెళ్ళి, మూడు మాటలూ అప్పజెప్పి, నాలుగోది పంటి కింద నొక్కిపెట్టాను. ఆవిడ ఫోను మార్చిందట, నా నంబరు పోయిందట. "అరే, పెహలే బోల్‌తీ నా!" అంది, ముందే చెప్పొచ్చుగా అన్నట్టు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. నమ్మానని మాత్రం చెప్పను. కానీ మర్నాడు చాప పట్టుకుని పార్కుకి వెళ్ళాను.

డాబా మీద గింజలు వేసిన ఆ పూట నుంచి నాకు మిగిలింది ఇదే. మనశ్శాంతి కాదు. లోపలి తగువుని వినే చెవి ఒకటి, విన్నాక మెట్లు దిగక తప్పని అవస్థ ఒకటి. ఎవరి మీద అలిగినా దిగి వెళ్ళి తట్టడానికి ఒక తలుపు ఉంటుంది. అక్క విషయంలోనే లేదు. గుంటూరులో ఏ పేటో కూడా గుర్తులేదు. అందుకని తనతో లోపలే మాట్లాడుతుంటాను, ఇన్నేళ్ళుగా, దాదాపు రోజూ. ఫిర్యాదులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు చెప్పేది తను ఆ రోజు అడిగిన దానికి జవాబు మాత్రమే. లేదక్కా, ఒప్పుకునేదాన్ని కాదు. అయినా నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది.