నా కాలికి లొంగని అక్క భుజం నొప్పి

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారిందంటే మా వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నాతో తన్నించుకోవడానికి!

నవ్వకండి. నేను ఎదురుకాళ్లతో, అంటే తలకన్నా ముందు కాళ్లు వచ్చి పుట్టాను. అలా పుట్టినవాళ్లు కాలితో తంతే నొప్పి, పట్టు ఏదున్నా వదులుతుందని మా పెన్‌పహాడ్ వైపు గట్టి నమ్మకం. నాట్లు వేసి నడుము పట్టేసినవాళ్లు, బస్తాలు మోసి మెడ పట్టేసినవాళ్లు... ఒకసారి మా బడి హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. అంతంత పెద్దవాళ్లు "జర గట్టిగ తన్ను బిడ్డా" అని బతిమాలుతుంటే రెండో తరగతి పిల్లకు ఎంత గొప్పగా ఉంటుందో ఆలోచించండి. పైగా తన్నినందుకు బెల్లం ముక్కో, జామకాయో చేతిలో పెట్టేవారు. నా కాలిలో నిజంగానే ఏదో మహిమ ఉందనుకునేదాన్ని...

మా అక్క సరిత అప్పుడు ఎనిమిదో తరగతి. బడి వాలీబాల్ జట్టులో సర్వీసు అంటే అక్కదే. సాయంత్రం బడి వదిలాక కూడా గ్రౌండులోనే ఉండి, చెయ్యి పైకెత్తి బంతిని కొడుతూనే ఉండేది. ఆ ఏడాది జిల్లా సెలెక్షన్లకు అక్కను తీసుకెళ్తానని పీఈటీ సారు ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఇక మా నాయిన ఆ మాట చెప్పని మనిషి ఊళ్లో లేడు.

సరిగ్గా అప్పుడే మొదలైంది ఆ భుజం నొప్పి. పడింది లేదు, దెబ్బ తగిలింది లేదు... కుడి చెయ్యి పైకి లేపితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి. అమ్మ ఉప్పు మూటతో కాపడం పెట్టింది. నానమ్మ దిష్టి తీసింది. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లి భుజానికి ఎక్స్‌రే కూడా తీయించారు. ఎముకకు ఏమీ కాలేదు, గోలీలు వేసుకుంటే పోతుందన్నారు. గోలీలు అయిపోయాయి గానీ నొప్పి పోలేదు.

ఇక మిగిలింది... నేనే!

ఆ ఆదివారం అక్క వచ్చి చాప మీద బోర్లా పడుకుంది. ఊరందరికీ తగ్గించినదాన్ని, సొంత అక్కకు తగ్గించలేనా అనుకున్నాను. భుజం మీద మడమ ఆనించి మెల్లగానే తన్నాను. అక్క పళ్లు బిగబట్టింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. తగ్గలేదా అక్కా అని వెక్కుతూ అడిగాను.

అక్క లేచి కూర్చుంది. ఎడమ చేత్తో నా ముక్కు తుడిచి, "తగ్గింది చిన్నీ... నీ కాలు తాకంగనే తగ్గింది" అంది.

అంతే, వాడంతా తిరిగి చెప్పొచ్చాను. నానమ్మ నాకు మెటికలు విరిచింది. మర్నాటి నుంచి అక్క మళ్లీ గ్రౌండులో...

వారం తిరిగేసరికి అక్క తన జడ తాను వేసుకోలేకపోయింది. కానీ ఇప్పుడు నమ్మేవాళ్లేరి? ఎక్స్‌రేలో ఏమీ లేదాయె... తగ్గిందని తన నోటితో తానే చెప్పిందాయె. సెలెక్షన్లకు భయపడుతోందని పీఈటీ సారు అనుకున్నారు. అన్నాల దగ్గర నాయిన కూడా అదే మాట అన్నాడు. "ఆడుడు శాతగాకుంటే శాతగాదని చెప్పు బిడ్డా... నొప్పని నాటకాలెందుకు?"

అక్క తల వంచుకుని అన్నం కెలుకుతూ కూర్చుంది. పదమూడేళ్ల పిల్ల ఆ మాటను ఎలా మింగిందో!

అమ్మ మాత్రం ఊరుకోలేదు. జడ వేసేటప్పుడు చెయ్యి కాస్త కదిలితేనే పిల్లకు చెమటలు పడుతున్నాయని, నాటకమైతే చెమటలెట్లా పడతాయని నాయినతో గొడవ పెట్టుకుంది. కోదాడలో ఉండే మా చిన్నమ్మను అడిగితే, మిర్యాలగూడలో ఎముకల డాక్టరు ఒకాయన పిల్లలను బాగా చూస్తాడని చెప్పింది. అందరం బస్సెక్కాం.

ఆ డాక్టరు రెండు భుజాలకూ ఎక్స్‌రే తీయించమన్నారు. నొప్పి లేని భుజానికి కూడా ఎందుకని నాయిన గొణిగాడు. రెండు ఫిల్ములూ లైటు ముందు పక్కపక్కన పెట్టి ఆయన చూపించారు... ఎదిగే పిల్లల భుజం ఎముకలో ఒక గీత ఉంటుందట. ఎముక పెరిగేది అక్కడేనట. అక్క కుడి భుజంలో ఆ గీత ఎడమ దానికన్నా వెడల్పుగా ఉంది. ఒక్కటే చూస్తే ఎవరికీ తెలియదు. రోజూ బంతి కొట్టీ కొట్టీ అక్కడ నలిగిందని, కొన్ని నెలలు బంతి ముట్టకపోతే అదే మానుతుందని చెప్పారు. మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా అని అక్కను అడిగారు.

ఒకసారి తగ్గిందని నాయినే అందుకున్నాడు. అక్క నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

"లేదు సార్... ఒక్కపూట గూడ తగ్గలే."

"మరి తగ్గిందని ఎందుకు చెప్పినవ్?" అన్నాడు నాయిన.

"చిన్ని ఏడుస్తుండె నాయినా..."

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. నాయిన అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎవరి మోచెయ్యీ ఆ భుజానికి తగలకుండా సూర్యాపేట దాకా అడ్డంగా నిలబడే వచ్చాడు.

ఆ ఏడాది సెలెక్షన్లు పోయాయి. మరుసటి ఏడాది అక్క మళ్లీ ఆడింది గానీ జిల్లా జట్టులోకి రాలేదు. నేను మాత్రం ఆ తర్వాత ఎవరిని తన్నినా నిజంగా తగ్గిందా, నేను ఏడుస్తానని చెప్తున్నారా అని అడిగేదాన్ని. మెల్లమెల్లగా జనం రావడం మానేశారు...

ఇప్పుడు మా ఊరి పిల్లలకు చిన్న నొప్పి వచ్చినా స్కానింగులు, ఫిజియోథెరపీలు అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. మంచిదే. కానీ మనుషులు దాచుకునే నొప్పికి ఇప్పటికీ ఏ ఎక్స్‌రే లేదు. ఎలా ఉన్నావని ఫోన్ చేస్తే అక్క ఇప్పుడు కూడా "మంచిగున్న చిన్నీ" అనే అంటుంది... నేను వెంటనే నమ్మను. ఇంకోసారి అడుగుతాను.

మీరు ఏడిస్తే చూడలేక "తగ్గింది" అన్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్లెవరో కామెంట్లలో చెప్పండి... కానీ ముందు వాళ్లకు ఫోన్ చేసి ఇంకోసారి అడిగి రండి.