మాస్టారి కాఫీ గింజలు

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం ఒకసారి మా సైన్సు మాస్టారి ఏడాది పంటను మింగేసింది.

రెండువేల సంవత్సరం దాటాక మాట. నేను గుంటూరులో బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వినుకొండ దగ్గర మా ఊళ్లో, బడిలో నాకు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు అరకు నుంచి తెచ్చిన నాలుగు కాఫీ మొక్కలను పెరట్లో సపోటా చెట్ల నీడన బతికించారు. మిర్చి పండే నేలలో కాఫీ ఏమిటని ఊరంతా ఆయన్ని ఆటపట్టించేది. మొదటి కాపు అరకిలో గింజలు వస్తే, ఒక్కటి కూడా ఉంచుకోకుండా నా చేతిలో పెట్టారు.

"వీటిలోంచి కెఫిన్ తీసి క్యాప్సూల్స్ చెయ్యమ్మా. అవి చూపిస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయి," అన్నారు. నా ప్రాజెక్టుకూ అలాంటిదే కావాలి, సరేనన్నాను.

గుంటూరులో గింజలు మూకుట్లో వేయించి మా వీధి చివర కారం మిల్లుకు పట్టుకెళ్లాను. మా వైపు మిరపకాయలు ఆడించాక ఇంకేది ఆడించాలన్నా, ముందు గుప్పెడు బియ్యం వేసి మరను శుభ్రం చేస్తారు. మిల్లతను బియ్యం కోసం లోపలికి వెళ్లబోతే, "ఎంతసేపండీ, కాలేజీకి టైమవుతోంది, పొయ్యండి!" అని గయ్యిమన్నాను. పాపం, పోశాడు.

ల్యాబులో ఆ పొడి మరిగిస్తుంటేనే చుట్టూ అందరికీ దగ్గులు. వడగట్టి, క్లోరోఫామ్‌తో కెఫిన్‌ను లాగితే తెల్లగా రావలసింది నారింజ రంగులో వచ్చింది. మిరప ఘాటు కూడా దాంతోపాటే దిగింది. ఎంత కడిగినా పోలేదు.

మాస్టారికి చెప్పే ధైర్యం లేక, కాలేజీ ల్యాబులో కొని ఉంచిన సీసాలోని కెఫిన్‌ను కొంచెం కొంచెంగా ఇరవై క్యాప్సూల్స్‌లో నింపి ఇచ్చాను. ఆయన వాటిని కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని ఊరంతా తిప్పి చూపించారు. వారం తిరక్కుండానే ఫోన్ చేశారు.

"బోరు కింద అరెకరం మిరప తీసేసి కాఫీ పెడదామనుకుంటున్నానమ్మా. ఏమంటావు?"

నేనొచ్చేదాకా ఏమీ చెయ్యొద్దన్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఆయన ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన కళ్లజోడు పెట్టె తెరిచి, క్యాప్సూల్స్ నా చేతిలో పోశారు.

"ఒక్క గింజన్నా మిగిలిందా?"

"లేదండీ."

"పోనీ, వేయించేటప్పుడు వాసన ఎట్టా వచ్చింది?"

"అచ్చం కాఫీ వాసనే మాస్టారూ. కాఫీ పెడుతున్నారా అని పక్కింటావిడ వచ్చి అడిగింది కూడా."

నేను చెప్పింది నిజమే. ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత నా వంక చూసి మెల్లగా అడిగారు.

"ఇదన్నా నిజమేనా అమ్మా?"