తల రాని నెమలి

సీతారావమ్మగారి అమ్మాయి పెళ్లి జాకెట్టు వీపు మీద నెమలి వచ్చింది, తల రాలేదు. కాళ్లు, పింఛం, మెడ దాకా మిషను శుభ్రంగా కుట్టి, పని అయిపోయిందని కూత పెట్టి ఆగింది.

జగ్గయ్యపేటలో ప్రేమకుమారి టైలరింగుకీ, కంప్యూటర్ ఎంబ్రాయిడరీకీ పేరు. ఆమె షాపులో ఏ పువ్వూ రేక తప్పి ఎరగదు. మొన్న నందిగామ నుంచి దిలీప్ వచ్చి, తాను తయారుచేసి అమ్మిన డిజైన్ల సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించి పోయాడు. అప్పటినుంచీ ఆమె పాత కంప్యూటరు పెద్ద డిజైన్లను చివరంటా మిషనుకి పంపలేక మధ్యలో వదిలేస్తోంది. వదిలేశానని ఒక్క ముక్క చెప్పే మర్యాదైనా ఆ సాఫ్ట్‌వేర్‌కి నేర్పలేదు, దాన్ని కన్న మహానుభావుడు.

"రేపటికి తల రాకపోతే మిగతా నెమలి జాకెట్లన్నీ వేరేచోట ఇచ్చుకుంటాం" అనేసి సీతారావమ్మ ఆటో ఎక్కింది. ఈ పెళ్లిళ్ల కాలానికి ప్రేమకుమారి నమ్ముకున్నది ఆ జాకెట్లనే. వెంటనే దిలీప్‌కి ఫోను చేసింది.

"నా లాప్‌టాప్‌లో తల వస్తోందే ఆంటీ!"

"నీ లాప్‌టాప్‌ని పెళ్లికూతురి వీపుకి కట్టమంటావా బాబూ? ఆ పాత వెర్షనే మళ్లీ పెట్టు."

"పాతది ఆపేశాం. మీరే కంప్యూటర్ మార్చుకోవాలి."

"అమ్మేటప్పుడు ఏ కంప్యూటరైనా చాలన్నావుగా?"

"అదప్పుడు ఆంటీ" అని పెట్టేశాడు.

దిలీప్‌ది పెద్ద చదువే. ఏసీ గది, రెండు తెరలు, దుమ్మంటని బల్ల. లోకంలోని కంప్యూటర్లన్నీ ఆ బల్ల మీదే పుట్టాయని అతని నమ్మకం. దారపు నూగులో, కరెంటు కోతల్లో మూలుగుతూ బతికే యంత్రం మీద తన సరుకుని ఒక్కసారైనా నడిపి చూద్దామన్న ఆలోచన ఆ బుర్రకి తట్టలేదు. తట్టినా లోపలికి దారి ఉన్నట్టు లేదు.

ప్రేమకుమారి కళ్లు గుంజుతున్నా తలని చేత్తో కుట్టి ఆ ఒక్క జాకెట్టూ గట్టెక్కించింది. మిగతా నెమళ్లు వరసలో ఉన్నాయి.

ఆ వారంలోనే దిలీప్, ఏ మొహమాటమూ లేకుండా, తన నిశ్చితార్థానికి కుర్తా కుట్టమని కొలతలిచ్చి పోయాడు. ఆ కొలతలకి ఒకటి చక్కగా కుట్టి ఆమె బీరువాలో దాచింది. షాపు ముందు నిలబెట్టిన పిల్లాడి బొమ్మ కొలతకి ఇంకొకటి కుట్టి, అది అతని చేతికిచ్చింది.

తొడిగి చూసుకోబోయిన దిలీప్ రెండు చేతులూ పైకెత్తి అందులోనే ఇరుక్కున్నాడు.

"ఏంటాంటీ ఇది, భుజాలే దిగట్లేదు! రేపే ఫంక్షను!"

ప్రేమకుమారి తన పాత కంప్యూటరు ఆన్ చేసి, దాని ముందు కుర్చీని అతనివైపు జరిపింది.

"మా బొమ్మకి బాగానే పట్టింది బాబూ, నువ్వే ఒళ్లు మార్చుకోవాలి."