మూడు పూటలు చూసి కొన్న కారు

మా అక్క జీవితంలో కొన్న పెద్ద వస్తువుల్లో నాలుగు కాళ్ళు లేనిది ఆ కారు ఒక్కటే. అంతకుముందు కొన్నవి రెండు గేదెలు, ఒక జత ఎడ్లు, ఒక నవారు మంచం.

ఆ ఏడు మిరప బాగా పండింది, ధర కూడా నిలబడింది. ఈ రెండూ ఒకే ఏడు జరగడం మా సత్తెనపల్లి వైపు పెళ్ళికొడుకూ బ్యాండుమేళమూ కలిసి వేళకు రావడం లాంటిది. మా మేనల్లుడు అదను చూసి అడిగాడు. వాడికి డ్రైవింగు లైసెన్సు వచ్చి ఆర్నెల్లయింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకునే తిరిగేవాడు, ఎడ్లబండి తోలేటప్పుడు కూడా. పాత కారొకటి కొనిపెడితే బాడుగలకు తిప్పుకుంటానన్నాడు.

అక్క వారం రోజులు ఆ మాటకు జవాబు చెప్పలేదు. ఎందుకో ఊరందరికీ తెలుసు. మా బావ లారీ డ్రైవరు. పత్తి బేళ్ళ లోడుతో మద్రాసు వెళ్తూ సింగరాయకొండ దగ్గర పోయాడు. అప్పటికి పిల్లాడికి నాలుగేళ్ళు. వాడు పెద్దయ్యి సైకిలెక్కినా మలుపు తిరిగేదాకా అక్క వాకిట్లోనే నిలబడేది. ఇప్పుడు వాడు అడుగుతున్నది ఏకంగా ఆ రోడ్డే.

చివరికి ఒప్పుకుంది. కాకపోతే బండిని తనే చూడాలి, తనే ఏరాలి. సలహాకని నన్ను వెంట తీసుకెళ్ళింది. నా అర్హతల్లా, ఒక వేసవి బావ లారీ మీద క్లీనరుగా తిరగడం. ఆరో తరగతిలో నేను బడిని మానేశాను, బడి నన్ను మానేసింది. ఆ తర్వాత నేను చదివిన పెద్ద చదువు అదే.

అప్పట్లో మా వైపు కార్లు రెండే రకాలు, గుండ్రటిది, పలకది. గుండ్రటిదాంట్లో పదిమంది పడతారు, పలకదాంట్లో సర్దుకుంటే ఎనిమిదిమంది. పొన్నూరులో ఒక బియ్యం వ్యాపారి గుండ్రటిది అమ్ముతున్నాడని తెలిసింది. ఆయన కొత్తగా వచ్చిన చిన్న కారు కొనుక్కున్నాడు. దాంట్లో నలుగురికి మించి పట్టరు కాబట్టి చుట్టాల బెడద తగ్గుతుందని ఆయన ఆశ.

మేం ముగ్గురం బస్సులు మారి చేరేసరికి సాయంత్రమైంది. కారు అప్పుడే ఎక్కడికో వెళ్ళొచ్చినట్టుంది, చక్రాలకు తడి మట్టి ఉంది. వ్యాపారి తాళం తిప్పగానే ఒక్క పెట్టున లేచింది. మేనల్లుడి మొహం చూస్తే, పెళ్ళిచూపుల్లో మొదటి పిల్లే నచ్చినవాడిలా ఉంది. నేను నాలుగు చక్రాలనూ వరసగా కాలితో తన్నాను. ఎందుకు తన్నాలో తెలియదు. బావ తన్నేవాడు.

"మూడు పూటలు చూడాలి అన్నయ్యగారూ" అంది అక్క.

మా వైపు పాడిగేదెను ఒక్క పూట పాలు చూసి ఎవరూ కొనరు. అమ్మేవాడు ముందుపూట పితక్కుండా వదిలేస్తే పొదుగు నిండుగా కనబడుతుంది, ఆ పూటకి పాలతో బిందె నిండుతుంది. గేదె మనింటికి చేరాక తెలుస్తుంది అసలు సంగతి. అందుకని వరసగా మూడు పూటలు దగ్గరుండి పితికించి చూస్తారు. వ్యాపారికి ఇది తెలియక కాదు. ఆయన పెరట్లోనూ గేదెలున్నాయి.

"ఇది గేదె కాదమ్మా, కారు" అన్నాడు.

"గేదె తంతే నాకు తగులుద్ది. ఇది తంతే నా కొడుక్కి తగులుద్ది. చూడనివ్వండి."

ఆయన విసుగ్గానే ఒప్పుకున్నాడు. ఆయన భార్య మాత్రం మంచి కబుర్లు దొరికాయని సంబరపడి, మాకు భోజనాలు పెట్టి వరండాలో పక్కలు వేయించింది.

తెల్లారి నేను కళ్ళు తెరిచేసరికి అక్క కారు పక్కన పీట వేసుకుని కాపలా కూర్చుంది. ఆయన చాటుగా వచ్చి ఇంజను వేడి చేసిపోతాడని అనుమానం. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం తగ్గిన పిల్లాడి నుదురు చూసినట్టు చూసి, చల్లగానే ఉందని చెప్పింది.

వ్యాపారి నోట్లో పళ్ళపుల్లతో వచ్చి తాళం తిప్పాడు. కారు మూలిగింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి మూలగడానికి కూడా ఓపిక లేదు దానికి. ఈలోగా పక్కనే ఉన్న మిల్లులోంచి నలుగురు హమాలీలు వచ్చారు. ఎవరూ పిలవలేదు. వచ్చి, కారు వెనక ఎవరి చోట వాళ్ళు చేతులు ఆనించి నిలబడ్డారు. ఒకడు తలగుడ్డ కూడా బిగించుకున్నాడు. వ్యాపారి వాళ్ళను పొమ్మని కళ్ళతో సైగ చేశాడు. వాళ్ళు తొయ్యమన్నాడనుకుని తోశారు. కారు కొంత దూరం దొర్లి, దగ్గి, లేచింది.

ఈ నలుగుర్నీ బండితోపాటు ఇస్తారా, లేక వీళ్ళ ధర వేరేనా అని అడిగాను. మేనల్లుడు తల దించుకున్నాడు. బేరం పోయిందని వాడి భయం. వ్యాపారి పళ్ళపుల్ల తీసేసి, ఇక దాచి లాభం లేదని నిజం చెప్పాడు. బ్యాటరీ, సెల్ఫు రెండూ ముసలివయ్యాయి. హ్యాండిల్ పెట్టి తిప్పుదామంటే అది పట్టే పళ్ళు అరిగిపోయాయి. పొద్దున పూట తొయ్యక తప్పదు. ఒకసారి లేచిందంటే మాత్రం సాయంత్రం దాకా ఇంజనుకు వంక పెట్టలేం.

"ఒక్కడే ఉంటే లేవదా?" అంది అక్క.

"ఒక్కడివల్ల కాదమ్మా. వెనక మనిషుండాల."

అక్క ఏదో ఆలోచించుకుని, మూడో పూట బరువేసి బాపట్ల దాకా తోలించి చూస్తానంది. బరువంటే బస్తాలు కాదు, ఆ హమాలీల్నే ఎక్కించింది. వాళ్ళు ఆ కారును తొయ్యడమే తప్ప ఎక్కడం అదే మొదలట. మేనల్లుడు నడిపాడు. వాడు నేర్చుకున్నది ట్రాక్టరు మీద. మలుపు వస్తే వెనక నాగలి తగిలించి ఉన్నట్టు వెడల్పుగా తిప్పి, మెడ తిప్పి వెనక్కి చూసుకునేవాడు. "ఏరా, నాగటిచాలు సరిగ్గా పడిందా?" అన్నాను. హమాలీలు నవ్వారు. అక్క నవ్వలేదు. ముందు సీటు అంచు పట్టుకుని, వెళ్ళినంతసేపూ, వచ్చినంతసేపూ కొడుకు చేతులే చూస్తూ కూర్చుంది. ఒకచోట మేక అడ్డమొస్తే వాడు తొణక్కుండా ఆపాడు. అప్పుడు మాత్రం ఆ అంచు వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. బండి ఎక్కడా మొరాయించలేదు.

తిరిగొచ్చాక వ్యాపారి సిగ్గుపడి, కొత్త బ్యాటరీ వేయించి, సెల్ఫు బాగుచేయించి ఇస్తానన్నాడు. మేనల్లుడు తలెత్తాడు.

"వద్దు. ఇట్టాగే కావాలి" అంది అక్క.

వద్దన్నది ఊరుకుందా అంటే లేదు. బండిలో లోపం ఉంది కాబట్టి ధర తగ్గించమంది. లోపం తీసేస్తానంటే వద్దని, ఉన్నందుకు తగ్గించమనే బేరం ఆయన అన్నేళ్ళ వ్యాపారంలో చూసి ఉండడు. ఆ అయోమయంలోనే తగ్గించాడు.

హమాలీలు ఆఖరిసారి తోసి సాగనంపారు. గుంటూరులో టీకి ఆగినా ఇంజను ఆపలేదు. మేనల్లుడు టీ తెస్తానని దిగాడు. అప్పుడు అడిగాను అక్కని, లోకంలో ఎవరైనా తోసే కారును కావాలని కొనుక్కుంటారా అని.

"మీ బావ ఆ రోజు నన్ను లేపలేదురా" అంది. "నిద్ర చెడగొట్టడం ఎందుకనుకున్నాడో ఏమో, చీకటితోనే తలుపు దగ్గరేసి వెళ్ళిపోయాడు. లేచి చూస్తే మంచం ఖాళీ."

మేనల్లుడు టీ గ్లాసులతో వస్తుంటే, ఒలకబోయకురా అన్నాను.

ఆ తర్వాత మా వీధికి రోజూ పొద్దున్నే ఒక పని పడింది. అక్క కొంగు బొడ్లో దోపి వెనక చేరేది. ఇంకొకరెవరో సాయం పట్టేవాళ్ళు. ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికొస్తావు, ఈ మూడింటికీ జవాబు వస్తేగాని ఆ చేతులు కదిలేవి కావు. బండి లేచి వెళ్తుంటే చెయ్యెత్తి, మలుపు తిరిగాక దించేది. బాడుగకు ఎక్కినవాళ్ళూ పాపం తోశారు. ఒక పెళ్ళికొడుకు బాసికంతో తోశాడు. పక్క ఊరి సభకు బయల్దేరిన పాస్టరుగారు బైబిలు నా చేతికిచ్చి తోసి, తర్వాత ప్రసంగానికి గొంతు రాలేదని నామీద విసుక్కున్నారు. మా నేల చూస్తే పళ్ళెంలా చదునాయె. వాలు కావాలంటే సాగర్ కాలవ కట్ట ఒక్కటే గతి. ఎక్కడ రాత్రి ఉండాల్సొచ్చినా మేనల్లుడు ముందు కాలవ ఎటుందో కనుక్కునేవాడు.

రెండో ఏడు, మిరపకాయలు ఆరబెట్టే రోజుల్లో ఒక ఆదివారం. బాడుగ లేదు, పొద్దుటి నుంచి కారు కదల్లేదు. అక్క పొలంలో ఉంది. కాయలకు వాకిట్లో చోటు కావాలి, కారేమో అడ్డం. మేనల్లుడు లోపల అన్నం తింటున్నాడు. వాణ్ణి లేపడం ఎందుకని, కూర్చుని ఊరికే తాళం తిప్పాను. ఒక్క పెట్టున లేచింది.

వాడు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, ఎడం చేత్తో తాళం తిప్పి ఆపేసి, వీధి వైపు చూశాడు.

"అమ్మకి చెప్పమాక మావయ్యా."

గుంటూరులో బ్యాటరీ, సెల్ఫు కొత్తవి వేయించి పోయిన ఎండాకాలం నుంచీ నడుపుతున్నాట్ట.

"మరి రోజూ ఆ తోయించుకోవడం ఏందిరా?"

వాడు వేళ్ళకంటిన మెతుకులు చూసుకున్నాడు. "తోసిన రోజు అమ్మ కుదురుగా ఉంటది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో సామెత. ఆ గింజని ఆ రాత్రంతా నానబెట్టాను. మర్నాడు పొద్దున వాడికి గుంటూరు బాడుగ. వాడు తాళాన్ని సెల్ఫు దాకా తిప్పకుండా సీట్లో కూర్చుని, "అమ్మా, కానీ" అన్నాడు. అక్క కొంగు దోపుకుంది. నేను రెండో పక్క చేరాను. నాలుగడుగులు వేశామో లేదో, ఇక నా వల్ల కాలేదు.

"అక్కాయ్, ఈ మధ్య బండి తేలిగ్గా లేస్తన్నట్టుందే?"

అక్క నా వైపు చూడలేదు. రెండు చేతులూ బండి మీదే ఉన్నాయి.

"నోరు మూసుకుని తొయ్యరా" అంది.